పట్టదన్న కార్డు

బ్లోయర్ మూతి కంప్యూటర్ క్యాబినెట్ లోపలికి పెట్టి పెద్దల్లుడు మీట నొక్కగానే, లోపల పేరుకున్న దుమ్మంతా ఒక్కసారిగా లేచి అతని కనుబొమల మీద వాలింది. అతను కళ్ళు చిట్లించి, ముఖం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి ఫ్యాను రెక్కల సందులన్నీ ఊదాడు. షాపు తలుపు తియ్యగానే మొదట చేసే పని ఇదే. మరమ్మతుకొచ్చిన కంప్యూటర్లన్నిటినీ గుమ్మం బయట వరసగా నిలబెట్టి, పిల్లలకి ముఖాలు కడిగినట్టు ఒక్కొక్కదానికీ దుమ్ము వదిలిస్తాడు. జబ్బేమిటన్నది ఆ తర్వాతి మాట. దుమ్ము వదిలితే సగం జబ్బులు వాటంతటవే పోతాయని అతని నమ్మకం. మిగతా సగంలో కొన్ని అతని చేతిలో బాగుపడతాయి, కొన్ని పడవు. పనిమంతుడని అతన్ని ఎవరూ పొగిడింది లేదు, చేతకానివాడని తిట్టిందీ లేదు. షాపు యజమాని వచ్చినవాళ్ళకి అతన్ని చూపించి, "మావాడు చూస్తాడు, ఇచ్చి వెళ్ళండి" అంటాడు. అంతకుమించి చెప్పడానికేమీ లేనట్టు మళ్ళీ ఫోన్లో తల దూరుస్తాడు.

మనిషి పొడగరి. బల్ల మీదికి వంగీ వంగీ మెడ దగ్గర కాస్త గూని వచ్చింది. కుడి అరచేతిలో స్క్రూడ్రైవర్ పిడి ఆనే చోట చర్మం కాయకాసింది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న టార్చిలైటు, ఒక బ్రష్షు, ఎక్కడివో గుర్తులేని కొన్ని స్క్రూలు ఉంటాయి. భార్య బట్టలు నానబెట్టే ముందు ఆ జేబు తడిమి, స్క్రూలు ఏరి కిటికీ గట్టు మీద పెడుతుంది. పెళ్ళయినప్పటి నుంచీ పెడుతూనే ఉంది.

ఆమే ఫోన్ చేసింది.

"ఏవండీ, భోజనం వేళకి ఒకసారి అమ్మావాళ్ళింటికి వెళ్ళిరండి. మరిది మా నాన్నకి కంప్యూటర్‌లో పెట్టే కార్డేదో కొనుక్కొచ్చాడట. ఆ పాతదానికి ఇది పడుతుందో లేదో మీరు చూడాలట."

"ఏం కార్డు?"

"గ్రాఫిక్స్ కార్డట. బొమ్మ బాగా కనిపిస్తుందట. అమ్మ పొద్దున్నుంచీ ఫోన్లో ఒకటే మురిసిపోతోంది, మా చిన్నల్లుడు ఎంత మంచివాడో అని."

"మంచివాడే," అన్నాడు పెద్దల్లుడు. ఫోను జేబులో పెట్టుకుని బ్లోయర్ మళ్ళీ అందుకున్నాడు. అప్పటికే శుభ్రం చేసిన కంప్యూటర్నే ఇంకోసారి ఊదాడు.

అతనికి తోడల్లుడంటే కుళ్ళు. దీన్ని చిలవలు పలవలు చేసి చెప్పక్కర్లేదు, ఉన్న మాట అది. దాచుకున్నానని అతను అనుకుంటాడు గానీ భార్యకి తెలుసు, మరదలికి తెలుసు, అత్తగారు కూడా ఎప్పుడో పసిగట్టింది. తెలియనిది ఒక్క చిన్నల్లుడికే. అతనికి తెలియకపోవడం ఇతనికి ఇంకా మంట. ద్వేషించేవాణ్ణి చూసి కూడా ఆ మనిషి "అన్నయ్యా" అంటూ భుజం మీద చెయ్యి వేస్తాడు.

మామగారింట్లో వస్తువులకి పేర్లుంటాయి. చిన్నల్లుడి ఫ్యాను, చిన్నల్లుడి కుక్కరు, చిన్నల్లుడి కుర్చీ. అత్తగారు ఏ దురుద్దేశమూ లేకుండానే, "చిన్నల్లుడి కుర్చీలో కూర్చోండి బాబూ, నడుముకి హాయిగా ఉంటుంది" అంటుంది. పెద్దల్లుడు ఆ కుర్చీలో కూర్చుంటాడు. నడుముకి హాయిగానే ఉంటుంది, అదే అతని బాధ. ఆ ఇంటికి తను ఇచ్చింది కంప్యూటర్ ఒక్కటి. దాన్ని మాత్రం అందరూ కంప్యూటర్ అనే అంటారు. వర్షం ఎవరిచ్చారని ఎవరూ అడగనట్టు, దాన్ని ఎవరిచ్చారని ఎవరూ తలుచుకోరు.

అంతకన్నా లోపల గుచ్చుకునేది ఇంకొకటుంది. మామగారు చిన్నల్లుణ్ణి "ఒరే చిన్నోడా" అంటాడు. ఇతన్ని "అల్లుడుగారూ, మీరు" అంటాడు. మర్యాదే, కాదనడానికి లేదు. కానీ ఒరే అనిపించుకున్నవాడు వంటింటిదాకా వెళ్ళి గిన్నెలు మూతలు తీసి చూస్తాడు. గారూ అనిపించుకున్నవాడు ముందుగదిలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మామగారి నోట ఆ 'రా' వినాలని పెద్దల్లుడికి చచ్చేంత కోరిక. నెత్తి మీద జుట్టు పలచబడిన మగవాడు ఎవరితో చెప్పుకునే కోరికా అది?

మామగారు బస్సు డ్రైవరు. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చుంటే కాళ్ళు ఊరుకునేవి కావు. టీవీ చూస్తూ చూస్తూ కుడికాలు నేల మీద బ్రేకు నొక్కేది. అది గమనించినవాడు పెద్దల్లుడే. షాపులో సాయంత్రాలు కూర్చుని, ఒక్కో భాగం ఏరి, మంచి క్యాబినెట్‌లో కంప్యూటర్ కట్టి పట్టుకొచ్చాడు. బల్లకి బిగించుకునే స్టీరింగు, కింద తొక్కడానికి పెడళ్ళు, తెర మీద బస్సు నడిపే ఆట. ముసలాయన మొదటిరోజు స్టీరింగు పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. మర్నాటి నుంచీ పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, డ్యూటీ ఎక్కినట్టే ఎక్కేవాడు.

ఈ మధ్య ఆయనకొక ఫిర్యాదు మొదలైంది.

"దూరం కనిపించట్లేదు అల్లుడుగారూ. ఎదురొచ్చే బండి దగ్గరికొచ్చాక ఊడిపడుతోంది. దూరం చూడలేని డ్రైవరు డ్రైవరెలా అవుతాడండీ?"

పాత మదర్‌బోర్డు సొంతంగా అంతకన్నా దూరం గియ్యలేదు, దానికి శక్తి చాలదు. ఆ సంగతి పెద్దల్లుడికి తెలుసు. "చూద్దాం మామయ్యా" అన్నాడు. ఇంకోసారీ చూద్దాం అన్నాడు. అతను చూద్దామని అంటూండగానే చిన్నల్లుడు కొనేశాడు.

మామగారింటి మెట్లెక్కుతున్నప్పుడు అతని మనసులో ఒకటే మాట. పట్టకూడదు. ఆ కార్డు ఆ కంప్యూటర్లో పట్టకూడదు. పట్టిందా, రేపటి నుంచీ అది చిన్నల్లుడి కంప్యూటర్ అయిపోతుంది. ఆ ఇంట్లో తనదన్నది ఇంకేమీ మిగలదు.

"రా అన్నయ్యా!" అన్నాడు చిన్నల్లుడు. పక్క వాటాలోనే ఉంటాడు. ఫర్నిచర్ షోరూమ్‌లో అమ్మకాల పని కాబట్టి ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఎప్పుడూ తయారుగా ఉండే నవ్వు. మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతూ ఆగినట్టున్నాడు. "షాపువాడు ఏ కంప్యూటర్లోనైనా పడుతుందన్నాడు. మామయ్యేమో నువ్వు చూసేదాకా పెట్టె కూడా విప్పనివ్వలేదు."

ఆ మాట పెద్దల్లుడి చెవిన పడింది గానీ మనసున పడలేదు. అతని చూపంతా పెట్టె మీదే ఉంది. నల్లటి, నిగనిగలాడే, అట్టహాసమైన పెట్టె.

"కూర్చోండి అల్లుడుగారూ," అన్నాడు మామగారు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, ఎడమకన్ను ఎప్పుడూ కాస్త తడిగా ఉంటుంది. "ఒరే చిన్నోడా, పెద్దల్లుడుగారికి ఫ్యాను వెయ్యరా."

చిన్నల్లుడు ఫ్యాను వేసి, అత్తగారి చేతిలో అన్నం డబ్బా అందుకుని, మామగారి భుజం తట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గది కాస్త చీకటి పడినట్టయింది. అది కూడా పెద్దల్లుడు గమనించాడు.

పక్క రేకు విప్పాడు. ముందు స్లాట్ చూశాడు. కార్డు కూర్చోవలసిన ఆ పొడవాటి గాడి విరిగి ఉంటే బాగుండును. విరగలేదు. తను కట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కాస్త ఆశ తగ్గింది. తర్వాత పొడవు. కొత్త కార్డులు జానల కొద్దీ పొడుగుంటాయి. పాత క్యాబినెట్లలో సగానికి హార్డ్ డిస్కు గూడు అడ్డొస్తుంది. అతను ఇలాంటి పనికి ఎప్పుడూ ఒక పద్ధతి పాటిస్తాడు. కార్డు తీసి నేరుగా లోపల దూర్చడు. దాని కొలతకి అట్టముక్క కత్తిరించి ముందు దాన్ని పెట్టి చూస్తాడు. అట్టముక్క గూటికి తగిలిందనుకుని పొంగిపోయాడు. వంగి టార్చి వేసి చూస్తే మధ్యలో వేలు దూరేంత సందు ఉంది. ఆ రోజుల్లో చిన్న క్యాబినెట్ సరిపోయేది. మామగారికిచ్చేది చిన్నగా ఉంటే బాగుండదని పెద్దది కొన్నది తనే.

ఇంక మిగిలింది కరెంటు. ఇంత కార్డుకి ఇంత కరెంటు కావాలి, లోపల కరెంటు అందించే పాత ఎస్ఎంపీఎస్ డబ్బాలు అంత ఇవ్వలేవు, దానికి వేరే వైరు కూడా కావాలి. పది పాత కంప్యూటర్లు తెస్తే తొమ్మిది ఇక్కడే ఆగిపోతాయి. అతను ఎస్ఎంపీఎస్ మీద అంటించిన కాగితం చదివాడు. చదివి నాలుక కొరుక్కున్నాడు. అది షాపులో అప్పట్లో ఉన్నవాటన్నిటికన్నా పెద్దది. అది బిగిస్తుంటే యజమాని, "ఏమిటోయ్, మామగారికి కంప్యూటర్ ఇస్తున్నావా, బస్సే ఇస్తున్నావా?" అని ఆటపట్టించాడు కూడా. కావలసిన వైరు ఆ రోజు నుంచీ మూల చుట్టచుట్టి, ప్లాస్టిక్ కట్టుతో కట్టి, ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంది. అంత ప్రేమగా కట్టాడు. ఎవరైనా చూస్తారని కట్టాడు. ఎవరూ చూడలేదు సరికదా, ఆ ప్రేమంతా ఇప్పుడు పోయిపోయి తోడల్లుడికి పనికొస్తోంది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

కట్టు కత్తిరించి, వైరు లాగి, కార్డు పెట్టాడు. టక్కుమని కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

"పట్టిందా?" అన్నాడు మామగారు, వెనక నుంచి తొంగిచూస్తూ.

"ఆన్ చేస్తేగానీ తెలీదు."

మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. కాసేపు చూశారు. నల్లగానే ఉంది. ఆపి మళ్ళీ వేశాడు. అత్తగారు కూడా చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. తెరలో వాళ్ళ ముగ్గురి నీడలు తప్ప ఏమీ కనిపించలేదు. డిస్‌ప్లే రాలేదు. పెద్దల్లుడికి లోలోపల పండగలా ఉంది. ముఖం మాత్రం విచారంగా పెట్టుకున్నాడు.

"పట్టదు మామయ్యా," అన్నాడు. "కార్డు కొత్తది, బోర్డు పాతది. ఒకదాని మాట ఒకదానికి అర్థం కావట్లేదు."

"అయ్యో, పాపం వాడు ఎంత ముచ్చటపడి తెచ్చాడో," అంది అత్తగారు.

మామగారు నల్లటి తెరకేసి ఒక్క క్షణం చూశాడు. తర్వాత నిట్టూర్చి, పెద్దల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. బరువైన చెయ్యి.

"పోనీలేరా," అన్నాడు. "నువ్వు చెప్పావంటే ఇంక దానికి తిరుగులేదు. వాడిదేముంది, కంటికి నచ్చిందల్లా పట్టుకొచ్చేస్తాడు. బండి లోపలేముందో తెలిసినవాడివి నువ్వు. నా సర్వీసంతా మెకానిక్ మాట కాదని నేను బండి తియ్యలేదురా."

పెద్దల్లుడికి చెవులు వేడెక్కాయి. వైర్లు విప్పుతున్నట్టు కంప్యూటర్ వెనక్కి వంగాడు. మానిటర్ వైరు చేతికి తగిలింది.

అది పాత చోటే ఉంది. మదర్‌బోర్డు రంధ్రంలోనే.

కొత్త కార్డు పెట్టాక బొమ్మ కార్డు నుంచే వస్తుంది. వైరు తీసి కార్డు వెనక గుచ్చుకోవాలి, లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. ఈ పొరపాటు చేసి, కంప్యూటర్ చచ్చిపోయిందని భుజాన వేసుకుని షాపుకి పరుగెత్తుకొచ్చేవాళ్ళు వారానికొకరైనా ఉంటారు. "కొత్త కిటికీ పెట్టించుకుని పాత కిటికీలోంచి చూస్తున్నారండీ మీరు" అని పెద్దల్లుడు వాళ్ళని ఏడిపిస్తాడు. అలాంటిది తనే చేశాడు. ఇన్నేళ్ళ పనిలో ఎన్నడూ చెయ్యలేదు. పట్టకూడదు, పట్టకూడదు అనుకుంటూ వచ్చినవాడి కళ్ళకి ఆ వైరు కనిపించలేదు.

దాన్ని పీకి ఒక్క జానెడు కిందకి గుచ్చితే చాలు. "ఉండండి మామయ్యా, నాదే పొరపాటు" అంటే చాలు. తెర వెలుగుతుంది, దూరం కనిపిస్తుంది, ఎదురొచ్చే బండి మలుపులోనే తెలుస్తుంది. మామగారు మురిసిపోయి, "ఒరే చిన్నోడా" అంటూ ఫోన్ అందుకుంటాడు. ఇప్పుడే అన్న ఈ 'రా' ఏమవుతుంది? మళ్ళీ అల్లుడుగారూ అయిపోతుంది.

భుజం మీద ఆయన చెయ్యి పెట్టిన చోటు ఇంకా వెచ్చగా ఉంది. పెద్దల్లుడు వైరు పీకాడు. కిందకి గుచ్చలేదు.

కార్డు ఊడదీసి, దానితో వచ్చిన సంచిలో పెట్టి, పెట్టె మూశాడు. వైరు మళ్ళీ పాత రంధ్రంలో గుచ్చి మీట నొక్కితే తెర తళుక్కుమని వెలిగింది.

"చూశారా," అంది అత్తగారు, "దాని పాత కాపురమే దానికి సుఖం."

భోజనం చేసి వెళ్ళమన్నారు. షాపులో పనుందని లేచాడు. మెట్లు దిగుతుంటే పైనుంచి బస్సు హారన్ వినిపించింది. ముసలాయన కనిపించినంత మేరకి చూసుకుంటూ బండి తీసేశాడు.

మధ్యాహ్నమంతా పెద్దల్లుడు ఆ మాటలు నోట్లో చప్పరిస్తూ గడిపాడు. పోనీలేరా. నువ్వు చెప్పావంటే. మెకానిక్ మాట. కాసేపు తియ్యగానే ఉంది. స్క్రూలు విప్పుతూ తనలో తను నవ్వుకున్నాడు కూడా. తర్వాత ఎక్కడో ఒక చోట తీపి తగ్గడం మొదలైంది. ఆ 'రా' నిజం చెప్పినందుకు వచ్చింది కాదు. పైగా, చిన్నల్లుడికి ఆ మాట ఏ పనీ చెయ్యకుండానే, ఏ అబద్ధమూ ఆడకుండానే రోజూ వస్తోంది. వాడికి ఊరికే వచ్చేదాన్ని తను దొంగతనం చేసి తెచ్చుకున్నాడు. ఇలా అనుకునేసరికి కుళ్ళు మళ్ళీ తిరిగి వచ్చింది. ఈసారి దానితోపాటు సిగ్గు కూడా వచ్చింది. ఎదురొచ్చే బండి మీద పడేదాకా చూడలేక, కుర్చీలోంచి ముందుకి వంగి తెరకి కళ్ళు ఆనించే ముసలాయన గుర్తొచ్చాడు. సర్వీసంతా దూరం చూసి బతికిన మనిషి.

చేతిలో పని పక్కన పెట్టేశాడు. చక్కబెట్టడానికి దారి ఉంది. షాపులోంచి ఒక కొత్త వైరు తీసుకెళ్ళి, "ఇది ఉంటే పడుతుందట మామయ్యా, ఇప్పుడే కనుక్కున్నాను" అని చెప్తే సరిపోతుంది. నిజమూ బయటపడదు, కార్డూ పడుతుంది, 'రా' కూడా పోదు. పిరికివాడి ఉపాయమే. అయినా ఆ ఉపాయం తట్టాక అతనికి పొద్దున్నుంచీ మొదటిసారి ఊపిరి ఆడింది. చిన్నల్లుడి కార్డు అంటారా, అననీ. ఇంత మంచి క్యాబినెట్ లేకపోతే వాడి కార్డు ఎక్కడ పట్టేది?

వైరు జేబులో పెట్టుకుని, యజమానికి చెప్పి, చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ మోగింది.

"ఏవండీ," అంది భార్య. "నాన్న లేవట్లేదు. పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. డాక్టరు వచ్చి చూశాడు. అయిపోయిందట."

అతను వెళ్ళేసరికి గది నిండా జనం. మామగారు మంచం మీద పక్కకి తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. డ్యూటీకి డ్యూటీకి మధ్య ఒక కునుకు తీస్తున్నట్టే ఉంది. ఎవరో కంప్యూటర్ ఆపేశారు.

చిన్నల్లుడు నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది, ముక్కు కారుతోంది, చూసేవాళ్ళున్నారన్న ధ్యాస లేదు. వచ్చినవాళ్ళందరూ అతని తల నిమురుతున్నారు. పెద్దల్లుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతనికి కన్నీళ్ళు రాలేదు. ఈ ఏడుపు మీద కూడా కుళ్ళు కలిగింది. అంత హాయిగా ఏడవడానికి కూడా ఒక అర్హత ఉండాలేమో, అది కూడా వీడికే ఉంది.

చిన్నల్లుడు అతన్ని చూసి లేచి వచ్చి గట్టిగా పట్టుకున్నాడు.

"మధ్యాహ్నం ఫోన్ చేశాడు అన్నయ్యా. 'ఏమీ అనుకోకురా, నీ కార్డు పట్టలేదు, పెద్దోడు చూశాడు' అని. నేను కష్టపెట్టుకుంటానని ఎంత మొహమాటపడ్డాడో. నేనేమనుకుంటాను అన్నయ్యా? ఆయనకి దూరం కనిపిస్తే చాలనుకున్నాను, అంతే."

పెద్దల్లుడు నోరు తెరిచాడు. ఇప్పుడు ఆ నిజం ఎవరికి కావాలి? తోడల్లుడి వీపు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తియ్యలేకపోయాడు.

అత్తగారు మంచం పక్కన కూర్చుని వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్తోంది. భోజనం చేశారు, చెయ్యి కడుక్కున్నారు, ఒక తాడు ఇవ్వవే అన్నారు, నడుం వాల్చారు. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. పెద్దల్లుణ్ణి చూసి, అతనికీ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

"భోజనం చేశారు బాబూ. చెయ్యి కడుక్కున్నారు. తాడెందుకండీ అంటే, 'ఈ కార్డు మనకి పట్టదుగా, ఊరికే పడి ఉండటమెందుకు, పెద్దోడి షాపులో దేనికైనా పనికొస్తుంది, వాడికి ఇచ్చెయ్యి' అన్నారు. 'చిన్నోడికి నేను చెప్పానులే, వాడు ఏమీ అనుకోడు' అన్నారు. కూర్చుని తనే కట్టారు. కట్టేసి నడుం వాల్చారు."

"తీసుకో అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు కళ్ళు తుడుచుకుంటూ. "మామయ్య నీకిచ్చాడు."

నల్లటి పెట్టె కంప్యూటర్ బల్ల మీద, స్టీరింగు పక్కన ఉంది. బస్సు పైన సామాన్లు కట్టే పద్ధతిలో నాలుగు వైపులా తాడు బిగించి, కుదుపులకి జారకుండా మధ్యలో ముడి వేసి ఉంది. చేత్తో పట్టుకెళ్ళడానికి వీలుగా, పైన తాడుతోనే ఒక చిన్న పిడి కూడా కట్టి ఉంది.